బి కణం యాంటిజెన్‌ను టీ కణానికి ఎందుకు చూపించాలి?

గుంటూరు కుర్రాడు:
ఎంబీబీఎస్ రెండో ఏడాది. ఇమ్యునాలజీలో ఒక్కచోట ఆగిపోయాను. యాంటీబాడీలు తయారుచేసే బి కణం రిసెప్టర్ యాంటిజెన్‌ను, అంటే శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థాన్ని, ఉన్నదున్నట్టే పట్టుకుంటుంది కదా, మరి దాన్ని లోపలికి లాక్కుని, ముక్కలు చేసి, ఎంహెచ్‌సీ క్లాస్ టూ అనే, ముక్కల్ని ప్రదర్శించే ప్రోటీన్ మీద పెట్టి, మిగతా రోగనిరోధక కణాలకు సాయపడే టీ కణానికి చూపించడం దేనికి? ఆ పని డెండ్రిటిక్ కణాలు (దొరికిన యాంటిజెన్‌నల్లా మింగి చూపించే కాపలా కణాలు) చేస్తూనే ఉన్నాయిగా. సోమవారం ఇంటర్నల్ పరీక్ష, రెండు రోజులుగా ఇదే టెన్షన్. బట్టీ పట్టి రాసేయొచ్చు, కానీ అర్థం కాకుండా రాయడం ఇష్టం లేదు.

బెజవాడ అక్క:
మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను తమ్ముడూ. డెండ్రిటిక్ కణం చూపించేది టీ కణాన్ని మొదటిసారి లేపడానికి, బి కణం చూపించేది తనకు సాయం అడగడానికి. మీ మిర్చి యార్డునే తీసుకో. డెండ్రిటిక్ కణం వచ్చిన ప్రతి టిక్కీలోనూ చెయ్యి పెడుతుంది, బి కణం మాత్రం తేజ తప్ప ఇంకో రకం ముట్టదు. అందుకే తన యాంటిజెన్ ఎంత కొంచెం ఉన్నా పోగుచేసుకుని చూపించగలదు, 1985లో ఇమ్యునాలజిస్ట్ లాంజవెక్కియా టెటనస్ టాక్సాయిడ్‌తో (విషగుణం తీసేసిన ధనుర్వాతం టాక్సిన్) చూపించింది ఇదే.
లోపల కాథెప్సిన్లు అనే ఎంజైములు ప్రోటీన్‌ను తెగ్గొడతాయి. క్లాస్ టూలో ముక్క కూర్చునే గాడిని అప్పటిదాకా ఇన్వేరియంట్ చెయిన్ అనే ప్రోటీన్ మూసి ఉంచుతుంది, దాన్ని కోశాక గాడిలో మిగిలే తునక క్లిప్. హెచ్ఎల్ఏ-డీఎం అనే ఇంకో ప్రోటీన్ ఆ క్లిప్‌ను తప్పించి, గట్టిగా అతుక్కునే పెప్టైడ్‌ను, అంటే ప్రోటీన్ ముక్కను, కూర్చోబెడుతుంది. దాన్ని సీడీ4 టీ కణం (సాయం చేసే రకం) గుర్తుపడితేనే బి కణానికి సీడీ40 లైగాండ్, ఐఎల్-21 అనే సాయపు సంకేతాలు అందుతాయి. ఆ సాయం లేకుండా బి కణం జెర్మినల్ సెంటర్‌లో, అంటే లింఫ్ గ్రంథిలో బి కణాలు మెరుగైన యాంటీబాడీల కోసం పదునెక్కే చోట, నిలబడలేదు.

పిల్లల డాక్టర్, గుంటూరు:
ఇంకో సంగతి బాబూ. బి కణం పట్టుకునేదీ టీ కణం చూసేదీ ఒకే భాగం కానక్కర్లేదు, రెండూ అతుక్కుని ఉంటే చాలు. టైఫాయిడ్ బ్యాక్టీరియా మీదుండే వీఐ చక్కెరల గొలుసు, దాన్నుంచి పెప్టైడ్ రాదు. అందుకే ఉట్టి వీఐ టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగ్గా పనిచేయదు. దానికి టెటనస్ టాక్సాయిడ్ అతికిస్తే, వీఐని పట్టుకున్న బి కణం ఆ ప్రోటీన్‌నూ కలిపి మింగి, టెటనస్ ముక్క చూపించి సాయం తెచ్చుకుంటుంది, యాంటీబాడీ మాత్రం వీఐ మీదే చేస్తుంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ ఇలాంటిదే, ఆరు నెలల నుంచే వేస్తాం. జ్వరంతో వాడిపోయి వచ్చే పసిపిల్లల్ని చూసినప్పుడల్లా ఈ అతికింపు ఎంత గొప్ప ఆలోచనో అనిపిస్తుంది నాకు.

గుంటూరు కుర్రాడు:
ఇప్పుడు వెలిగింది సార్, థాంక్స్ అక్కా. అయితే వీఐ, టాక్సాయిడ్ రెండూ అతికించకుండా ఊరికే కలిపి ఇంజెక్షన్ చేస్తే?

పిల్లల డాక్టర్, గుంటూరు:
లాభం లేదు. వీఐని పట్టుకున్న బి కణం లోపలికి వీఐ ఒక్కటే వెళ్తుంది, టీ కణానికి చూపించడానికి దాని చేతిలో ఏమీ ఉండదు.