చిత్తూరు దగ్గర రోడ్డు కటింగ్: బ్రేకర్ చాలదా, బ్లాస్టింగే గతా?

సైట్_చిత్తూరు:
రోడ్డు వెడల్పు పనిలో ఒక గుట్టని దాదాపు 6 మీటర్ల లోతు కొట్టాలి. బోరు రిపోర్టులో కోర్ (బోరులోంచి తీసిన రాతి ముక్క) బలం 110 ఎంపీఏ (మెగాపాస్కల్) అని ఉంది, అది చూపించి సబ్‌కాంట్రాక్టర్ మొత్తానికీ హార్డ్ రాక్ రేటు కట్టమంటున్నాడు. పక్కనే ఇళ్లు, బ్లాస్టింగ్‌కి పర్మిషన్ వచ్చేలా లేదు. కానీ అదే గుట్టకి ఉన్న పాత కోతలో పైరాయి చేత్తో నలిపితే రాలిపోతోంది. దేన్ని నమ్మాలి? రేటు తేల్చాల్సింది నేనే, టెన్షన్‌గా ఉంది.

రాళ్లపిచ్చి_తిరుపతి:
బోరులో విరగకుండా వచ్చిన ముక్కనే కదండీ ల్యాబ్‌లో నొక్కేది! 110 ఆ ముక్క బలం, గుట్టది కాదు. రాయిని ఎలా తవ్వొచ్చో చూసుకోడానికి ఫ్రాంక్లిన్ వాళ్లు 1971లో వేసిన చార్టు అందుకే పాయింట్ లోడ్ బలంతో (రాతి ముక్కని రెండు మొనల మధ్య నొక్కి చూసే బలం) పాటు పగుళ్ల మధ్య దూరం కూడా చూస్తుంది, 1994లో పెటిఫర్, ఫూక్స్ దాన్ని సవరించారు. అర జానెడుకో పగులు ఉంటే గట్టి రాయి కూడా రిప్పర్‌కి (డోజర్ వెనక ఉండే కొక్కెం లాంటి పన్ను) లేస్తుంది, మీటరు దాటి ఒకే దిమ్మగా ఉంటే లేవదు. పాత కోతలో టేపు పట్టి పగుళ్ల దూరాలు, వాలు రాసుకోండి. తిరుమల ఘాట్‌లో అడుగున గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి, క్వార్ట్‌జైట్ పొరల వెంట విడుతుంది గానీ బకెట్ పళ్లని అరగదీస్తుంది, ఆ ఖర్చు ఏ చార్టులోనూ ఉండదు.

మట్టిపని:
అన్నా, మన వైపు గొడవంతా గుండ్లతోనే. చుట్టూ మొరం, మధ్యలో లారీ అంత గుండు. బోరు గుండులో దిగితే అంతా రాయే అంటారు, పక్కన దిగితే అంతా మట్టే అంటారు. మాట్లాడుకునే ముందే హిటాచీ పెట్టి రెండు మూడు చోట్ల గుంతలు తీయించు. గంటకి ఎంత వచ్చింది, ఏ లోతులో పళ్లు జారాయి, అన్నీ ఇద్దరి సంతకాలతో రాసుకో.

సైట్_చిత్తూరు:
సీస్మిక్ సర్వే (నేలలో కంపనాల వేగం కొలిచేది) చేయిస్తే?

రాళ్లపిచ్చి_తిరుపతి:
చేయించండి, ఆ వేగం సెకనుకి 2000 మీటర్లు దాటితే పెద్ద డోజర్ రిప్పర్‌కీ కష్టమే. కాకపోతే గుండ్లున్న చోట మొరం, రాయి కలిపి సగటు వేగం చూపిస్తుంది, గుంతలు తీయకుండా దాన్ని ఒక్కదాన్నే పట్టుకోవద్దు.

మట్టిపని:
ఇళ్ల పక్క దిమ్మలకి బ్రేకర్, దానికీ లొంగకపోతే రంధ్రాలు వేసి పగలగొట్టే పౌడర్ పోయాలి. శబ్దం రాదు గానీ నిదానం, రేటూ ఎక్కువ, దాన్ని ఇప్పుడే విడిగా రాయించుకో.