పాపకు ఏం జబ్బో తేలేదాకా వెతకాలా, వెతకడం ఆపి థెరపీ మీదే ఉండాలా?

తెనాలి అమ్మ
మా పాపకు వచ్చే నెలలో 5 ఏళ్లు నిండుతాయి. మూడేళ్లు దాటేదాకా అందరు పిల్లల్లాగే పరిగెత్తింది. తర్వాత కుడి పాదం లోపలికి తిరగడం మొదలైంది. ఇప్పుడు మునివేళ్ల మీద నడుస్తుంది, పడిపోతుంది. ఎమ్మారై నార్మల్, ఈఈజీ నార్మల్. ఒక డాక్టరుగారు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకు దెబ్బ తగిలి కాళ్లూచేతులూ సరిగ్గా ఆడకపోవడం, అని రాశారు. ఇంకొకరు అది కాకపోవచ్చు, ఎక్సోమ్ అనే జన్యు పరీక్ష చేయించండి, 30 వేలవుతుంది అన్నారు. ఇప్పటికే తిరుగుళ్లకీ టెస్టులకీ 1 లక్షా 80 వేలు అయింది. "పేరు తెలిస్తే కాలు బాగవుతుందా? ఆ డబ్బులేవో పెట్టి రోజూ ఫిజియోథెరపీ చేయించండి" అంటున్నారు మా మామయ్యగారు. మా ఆయనదీ అదే మాట. నాకేమో అసలు ఏమైందో తెలియకుండా కాలికి నూనె రాస్తూ కూర్చోవడం చేతకావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

హనుమకొండ నాన్న
చెల్లె, కఠినంగ మాట్లాడిన అనుకోకు. మా బాబుకు 7 ఏండ్లు. 8 నెలలప్పుడు ఫిట్స్ మొదలైనయ్. హైదరాబాద్, వేలూరు, బెంగళూరు తిరిగినం. ఒక ప్లాటుంటే అమ్మినం. ఎక్కడికి పోయినా ఇంకొక్క టెస్టు అనేటోళ్లు. చివరికి ఎక్సోమ్ కూడా అయింది. ఒక జన్యువుల మార్పు కనబడ్డది, అది జబ్బు తెచ్చేదో కాదో ఇప్పుడే చెప్పలేం అని రిపోర్టు వచ్చింది. గంతే. ఆ మూడేండ్లల్ల బాబుకు వరుసగ ఒక్క నెల థెరపీ నడవలే. ఎప్పుడు చూడు రైల్లనే ఉన్నం.

తిరుగుడు బంద్ చేసి, గిసోంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటర్ల చేర్పించినం. అక్కడి మేడమ్ చెంచా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి, లావు చేసి చేతికిచ్చింది. నాలుగు నెలలకు పెరుగన్నం సొంతంగ నోట్లె పెట్టుకున్నడు. సగం బనీను మీద పడ్డది, అయినా సరే. మీ మామ చెప్పింది తప్పని నేననను.

రాజమండ్రి అక్క
అన్నయ్యగారూ, మీరు పడ్డది చిన్న కష్టం కాదండి. కానీ మా ఇంట్లో వెతక్కపోవడమే కొంప ముంచింది. మాది మేనరికం. మొదటి బాబు 9 నెలలకి మెడ నిలపడం మానేశాడు, రెండేళ్లకి పోయాడు. ఏదో మెదడు జబ్బన్నారు, మా రాత అనుకుని ఊరుకున్నాం. రెండో పాపకి సరిగ్గా అదే వయసులో అదే మొదలైంది. అప్పుడు చేయించిన పరీక్షలో తెలిసింది, మా ఇద్దరిలోనూ ఒకే జన్యువు లోపం ఉందని, ప్రతి కాన్పుకీ 4లో 1 వంతు ప్రమాదమని. పాపకి మందు లేదన్నారు. అది కూడా దక్కలేదు. మూడోసారి మాత్రం 12వ వారంలో మావి నుంచి కొద్దిగా తీసి చూడగలిగారు, ఏ లోపం కోసం చూడాలో తెలుసు కాబట్టి. వాడిప్పుడు ఒకటో తరగతి.

మీ రిపోర్టు పడెయ్యకండి. అందులోని సమాచారాన్నే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూడమని అడగొచ్చు. అప్పటికి కొత్త జన్యువుల సంగతి తెలిసి, తేలనిది తేలిన పిల్లలున్నారు. చాలాసార్లు మళ్లీ రక్తం ఇచ్చే పని కూడా ఉండదు.

కర్నూలు ఫిజియో
14 ఏళ్లుగా పిల్లలకి థెరపీ చేస్తున్నాను. డాక్టర్ని కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి. తెనాలి చెల్లెమ్మా, మీరు రాసిన దాంట్లో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. మూడేళ్లు చక్కగా పరిగెత్తిన పిల్ల. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు దెబ్బ మామూలుగా కడుపులోనో, కాన్పప్పుడో, పసితనంలోనో తగులుతుంది. ఆ దెబ్బ తర్వాత పెరుగుతూ పోదు. మధ్యలో ఏ మెదడువాపో గాయమో లేకుండా మూడేళ్ల తర్వాత కొత్తగా మొదలైందంటే ఆ పేరును ఇంకోసారి ప్రశ్నించాలి.

ఒకటి చెప్పండి. పొద్దున లేవగానే ఎలా నడుస్తుంది? సాయంత్రానికి ఎలా ఉంటుంది? పడుకుని లేస్తే తేడా ఉంటుందా? డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అని ఒకటుంది, కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరిగే జబ్బు. సెగావా జబ్బు అని కూడా అంటారు. ఎక్కువగా కాలితోనే మొదలవుతుంది, ఆడపిల్లల్లో ఎక్కువ, ఎమ్మారై నార్మల్‌గా ఉంటుంది. సాయంత్రానికి ముదిరి, నిద్రపోయి లేస్తే తగ్గుతుంది. లెవోడోపా అనే మందు కొద్ది మోతాదులో ఇస్తే తిరిగి మామూలుగా నడిచే పిల్లలున్నారు. కాలిఫోర్నియాలో కవలలిద్దరికి రెండేళ్ల వయసులో సెరిబ్రల్ పాల్సీ అనే రాశారు. కొన్నేళ్లకి ఈ మందుతో లేచి తిరిగారు. అసలు లోపం ఏ జన్యువులో ఉందో 2010లో జీనోమ్, అంటే మొత్తం జన్యు సమాచారం, చదివాక బయటపడింది, దాన్ని బట్టి ఇంకో మందు కలిపారు.

హనుమకొండ నాన్న
మేడమ్, మీ మీద గౌరవంతోనే అంటున్న. కాలిఫోర్నియా కథ చెప్తే ఏ తల్లికైనా ఆశ పుడ్తది. నాకూ గిట్లనే చెప్పిన్రు. అది ఉందేమో, ఇది ఉందేమో అని. ఆ పాపకు అది కాకపోతే? ఎక్కడ ఆగాలన్నది ఎవ్వరు చెప్తలేరు. ఆగుడు తెల్వకనే మేం మునిగినం.

కర్నూలు ఫిజియో
మీరడిగింది న్యాయం అన్నా. నా లెక్క చెప్తాను. మందు ఉన్న జబ్బులు ఏవేవి కావచ్చో ముందు అవి తేల్చుకోవాలి. వాటిలో కొన్నింటికి జన్యు పరీక్షదాకా పోనక్కర్లేదు. ఒళ్లు బయోటిన్‌ను సరిగ్గా వాడుకోలేని బయోటినిడేజ్ లోపమైతే రక్తపరీక్షలో పట్టుకోవచ్చు, బయోటిన్ విటమినే దానికి మందు. మెదడుకు చక్కెర సరిగ్గా అందని గ్లూట్1 లోపంలో ఆకలిమీద ఉన్నప్పుడు ఫిట్స్ ఎక్కువవుతాయి. వెన్ను నీటిలో చక్కెర ఎంతుందో చూస్తే అనుమానం తేలుతుంది, కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటో ఆహారం పనిచేస్తుంది. సెగావా అనుమానమైతే డాక్టరే కొన్ని వారాలు మందిచ్చి చూస్తారు, మనంతట మనం మాత్రం వేయకూడదు. ఇవేవీ కావని తేలాక మిగతా వెతుకులాట ఏడాదికొకసారి పెట్టుకున్నా నష్టం లేదు. థెరపీ మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. మీకు జరిగిన అన్యాయం అక్కడే, టెస్టుల కోసం దాన్ని ఆపించారు.

ఊరూరూ తిరగకుండా ఒకచోటే చూపించాలంటే హైదరాబాద్ నిమ్స్ ఉంది. 2021 అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద, డీఎన్ఏ పరీక్షల సంస్థ అయిన సీడీఎఫ్‌డీతో కలిపి దాన్ని ప్రత్యేక కేంద్రం చేశారు. గుర్తించిన జబ్బులకి వైద్యానికి 50 లక్షల దాకా సాయం ఆ కేంద్రాల ద్వారానే. పోయేటప్పుడు ఫోనులో వీడియోలు తీసుకెళ్లండి. పది నిమిషాల ఓపీలో మీ పాప పడిపోకపోవచ్చు.

తెనాలి అమ్మ
నాలుగు రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. రోజూ చూస్తున్నా. పొద్దున ఏడింటికి మా డాబా మెట్లు 14, గోడ పట్టుకోకుండా ఎక్కేసింది. పాదం కాస్త తిరుగుతోంది, అంతే. సాయంత్రం ఆరున్నరకి అవే మెట్లు. నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయి "అమ్మా, కాలు రావట్లేదు" అంది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంది, ఆ సాయంత్రం పైదాకా ఎక్కింది. మూడు వీడియోలు తీశాను. ఇన్నాళ్లూ అలిసిపోయింది అనుకున్నానే తప్ప ఇదీ ఒక గుర్తని నాకు తట్టలేదు. ఏ డాక్టరుగారూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మామయ్యగారికి చూపించాను. రెండుసార్లు పెట్టించుకుని చూశారు. తర్వాత లోపలికెళ్లి మా ఆయన్ని లేపి, టికెట్లు చూడమన్నారు.

హనుమకొండ అన్నా, మీ మాట మర్చిపోలేదు. ఇదొక్కటీ అడిగి వస్తాం. ఎక్సోమ్ సంగతి ఇంకా అనుకోలేదు. వెళ్లే రెండు రోజులూ చేయించాల్సిన వ్యాయామాలు ఇక్కడి ఫిజియోగారు కాగితం మీద రాసిచ్చారు, రైల్లోనే చేయిస్తాను. అక్కా, పేరు ఏదని తేలినా వచ్చి ఇక్కడే రాస్తాను.