న్యూరాలజిస్ట్ లేని ఏరియా ఆసుపత్రి: వీడియో సలహాతో స్ట్రోక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలంటే?

మెడిసిన్_డ్యూటీ (ప్రశ్న)

వంద పడకల ఏరియా ఆసుపత్రి. సీటీ ఉంది, రాత్రిపూట కూడా టెక్నీషియన్ ఉంటారు. ఫిజీషియన్లం ఇద్దరం, మత్తు డాక్టర్ ఒకరు. న్యూరాలజిస్ట్ లేరు. క్యాథెటర్‌తో గడ్డ తీసే సెంటర్‌కి 108లో రెండున్నర గంటలు. ప్రస్తుతం పక్షవాతం (స్ట్రోక్) కేసు వస్తే సీటీ తీసి, రక్తస్రావం లేదని చూసుకుని పైకి పంపేస్తున్నాం. అక్కడికి చేరేసరికి చాలామందికి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువైన నాలుగున్నర గంటలు దాటిపోతున్నాయి. ఇప్పుడు ఒక టీచింగ్ ఆసుపత్రి న్యూరాలజీ విభాగం వీడియోలో చూసి సలహా ఇస్తామని ఒప్పుకుంది.

గడ్డ కరిగించే మందుల్లో ఆల్టెప్లేజ్ తెప్పించాలా, టెనెక్టెప్లేజ్ తెప్పించాలా? సీటీ ఫొటోలు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా? ఇలాంటి ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుంది? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

స్ట్రోక్_కన్సల్ట్

వీడియో గురించి బెంగపడకండి సార్. టైమ్ పోయేది వీడియోలో కాదు, మాకు ఫోన్ చేయకముందు. పేషెంట్ గేటు దాటిన దగ్గర్నుంచి ఇంజెక్షన్ పడేదాకా 60 నిమిషాల్లోపు కావాలి. అందులో సీటీ 20, 25 నిమిషాలకల్లా అయిపోవాలి. చాలాచోట్ల సీటీ రిపోర్టు, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేతికొచ్చాక మాకు కాల్ వస్తుంది. అప్పటికి ముప్పావుగంట హారతి కర్పూరం. స్ట్రెచర్ సీటీ గదికి కదిలేటప్పుడే ఫోన్ చేయండి.

మేం మొదట అడిగేది పేషెంట్ ఆఖరిసారి మామూలుగా ఉన్న టైమ్. "ఎప్పుడొచ్చింది?" అని అడిగితే వెంట వచ్చినవాళ్లు తాము చూసిన టైమే చెప్తారు. పొద్దున ఆరింటికి లేచేసరికి చెయ్యీ కాలూ పడిపోయి ఉంటే లెక్క ఆరు నుంచి కాదు, రాత్రి పడుకున్న పదింటి నుంచి. మధ్యలో మూడింటికి తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్లొచ్చారా, పాలవాడితో మాట్లాడారా, ఎవరికైనా ఫోన్ చేశారా? కాల్ లాగ్ చూడమనండి. ఈ ఒక్క ప్రశ్నతో ఇంజెక్షన్ ఇవ్వదగ్గ పేషెంట్లు పెరుగుతారు. టైమ్ ఏ రకంగానూ తేలకపోతే ఎంఆర్ఐతోనో, మెదడుకి రక్తం అందే తీరు చూపే సీటీ పెర్ఫ్యూజన్‌తోనో తేల్చాలి, అది మీ దగ్గర కుదరదు కాబట్టి పంపించేయండి.

ఇంజెక్షన్‌కి ముందు అందరికీ తప్పనిసరి అయిన రక్తపరీక్ష ఒక్కటే, గ్లూకోమీటర్ షుగర్. 50 లోపు ఉంటే డెక్స్‌ట్రోజ్ ఇచ్చి మళ్లీ చూడండి, పక్షవాతం అనుకున్నది అక్కడికక్కడే విడిపోవచ్చు. ప్లేట్‌లెట్లకీ, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్‌కీ శాంపిల్ పంపండి కానీ వాటికోసం ఆగకండి. ఆగాల్సింది పేషెంట్ రక్తం పల్చబడే మందుల్లో ఉన్నప్పుడో, రక్తస్రావం జబ్బు అనుమానం ఉన్నప్పుడో. గుండె కవాటం మార్చినవాళ్లు అసిట్రోమ్ వాడుతుంటారు, మందుల సంచీ తెరిచి చూడండి. ఐఎన్ఆర్ 1.7 దాటినా, ప్లేట్‌లెట్లు లక్షకి తగ్గినా ఇంజెక్షన్ లేదు. ఆస్పిరిన్ వేసుకుని ఉంటే మాత్రం అడ్డం కాదు. అలాగని మీరు వేయకండి. ఇంజెక్షన్ ఇచ్చాక 24 గంటలకి సీటీ మళ్లీ తీసేదాకా ఆస్పిరిన్ వద్దు.

మందు విషయంలో మీకు టెనెక్టెప్లేజ్ నయం. ఒక్క బోలస్‌తో (ఒకేసారి ఇచ్చే మోతాదుతో) అయిపోతుంది, అంబులెన్స్‌లో సిరంజి పంపు అక్కర్లేదు. మన దేశంలో స్ట్రోక్‌కి మొదట అనుమతి వచ్చిన మోతాదు కిలోకి 0.2 మి.గ్రా., గరిష్ఠం 20. బయటి దేశాల ట్రయల్స్‌లో, 2022 నాటి కెనడా ఆక్ట్ ట్రయల్ సహా, నిలిచింది కిలోకి 0.25, గరిష్ఠం 25. ఏది పాటించాలో మీ హబ్‌తో, అంటే సలహా ఇచ్చే టీచింగ్ ఆసుపత్రితో, ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి, అర్ధరాత్రి ఫోన్‌లో తర్జనభర్జన పడొద్దు. అన్నిటికన్నా ప్రమాదం ఇంకొకటుంది. మీ ఐసీయూ ఫ్రిజ్‌లో గుండెపోటుకి వాడే 30, 40 మి.గ్రా. వయల్స్ ఉంటాయి. గుండెపోటు మోతాదు స్ట్రోక్‌కి రెట్టింపు. వయల్ మొత్తం ఎక్కించేస్తే మెదడులో రక్తస్రావం కొని తెచ్చుకున్నట్టే. స్ట్రోక్‌కి వచ్చే 20 మి.గ్రా. వయల్ విడిగా, వేరే పెట్టెలో పెట్టండి.

బీపీ 185/110 లోపుకి వచ్చాకే ఇంజెక్షన్, ఆ తర్వాత 24 గంటలూ 180/105 లోపు. లాబెటలాల్ 10 మి.గ్రా. ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా ఇవ్వండి, అవసరమైతే మరోసారి. ఉబ్బసం ఉన్నా, నాడి బాగా నెమ్మదిగా ఉన్నా వేరే మందు చూడాలి. నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు మాత్రం వద్దే వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడులో బతికే భాగం కూడా చచ్చిపోతుంది. ఊళ్లోనే ఎవరో అవి వేసి పంపుతుంటారు, అదీ అడగండి.

ఫోన్‌లో మాటలు చాలవా అంటే చాలవు. 2008లో వచ్చిన స్ట్రోక్ డాక్ ట్రయల్‌లో వీడియోతో సరైన నిర్ణయాలు 98 శాతం, ఫోన్‌తో 82 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి జిల్లా ఆసుపత్రుల ఫిజీషియన్లు స్మార్ట్‌ఫోన్ సాయంతోనే ఇది చేశారు, ఖరీదైన పరికరాలేమీ పెట్టలేదు.

క్యాజువాల్టీ_సిస్టర్

సార్, బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు. మోతాదంతా కిలోల మీదే నడుస్తుంది కదా. వెంట వచ్చినవాళ్లు "అరవై ఉంటారు" అంటే రాసేసుకోవద్దు. స్ట్రెచర్‌తో సహా ఎక్కే కాటా వార్డులో ఉంటే సరే. లేకపోతే వెంట వచ్చినవాళ్లలో ఒకరి బరువు తూచి, పక్కన పేషెంట్‌ని పోల్చి ఇద్దరు స్టాఫ్ విడివిడిగా అంచనా వేయండి. 40 నుంచి 100 కిలోల దాకా ఎన్ని మి.గ్రా., ఎన్ని మి.లీ. అన్న పట్టిక వయల్ పెట్టెకే అతికించి ఉంచండి. 60 కిలోలకి 0.2 లెక్కన 12 మి.గ్రా.

కలిపేటప్పుడు వయల్‌ని ఊపకూడదు, మెల్లగా తిప్పాలి. నురగ వస్తే తేరేదాకా ఆగాలి. డెక్స్‌ట్రోజ్ ఎక్కుతున్న లైన్‌లో టెనెక్టెప్లేజ్ ఇస్తే మందు అందులోనే అవక్షేపంగా దిగిపోతుంది. ముందూ వెనకా నార్మల్ సలైన్‌తో ఫ్లష్ చేయండి. షుగర్ తక్కువని డెక్స్‌ట్రోజ్ పెట్టిన పేషెంట్ దగ్గర ఇది మరీ గుర్తుండాలి.

స్టాకు లేక ఆల్టెప్లేజ్ ఇవ్వాల్సి వస్తే కిలోకి 0.9, గరిష్ఠం 90. అందులో పదో వంతు ఒక నిమిషంలో, మిగతాది గంటలో. 60 కిలోలకి మొత్తం 54, బోలస్ 5.4, పంపులో 48.6. రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. బోలస్ ఇచ్చి పంపు సర్దడంలో పది నిమిషాలు గడిచిపోతాయి, మందు రక్తంలో నిలవదు కాబట్టి బోలస్ వృథా. రెండోది, బాటిల్ ఖాళీ అయ్యాక ట్యూబ్‌లో మందు మిగిలిపోతుంది. అదే వేగంతో సలైన్ పెట్టి దాన్నీ లోపలికి తోయాలి.

ఫోలీ (మూత్రపు గొట్టం), రైల్స్ ట్యూబ్ (ముక్కు గొట్టం) ఇంజెక్షన్‌కి ముందు నిజంగా అవసరమైతేనే, దానికోసం ఇంజెక్షన్ ఆగకూడదు. తర్వాత కండలో సూదులు వద్దు. బీపీ, స్పృహ, చెయ్యి కాలు బలం మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, 24 గంటలయ్యేదాకా గంటకోసారి. కొత్తగా తలనొప్పి, వాంతి, ఒక్కసారిగా బీపీ పెరగడం, మగతగా అయిపోవడం కనిపిస్తే డాక్టర్ కోసం చూడకుండా డ్రిప్ ఆపేసి, సీటీకి తీసుకెళ్తూనే కబురు చేయాలి. పెదవి, నాలుక కూడా చూస్తుండండి. బీపీకి ఎనాలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్లకి నాలుక వాయొచ్చు, చాలావరకు పడిపోయిన వైపే మొదలవుతుంది. ముందే మత్తు డాక్టర్‌కి చెప్పి ఉంచితే ఊపిరి ఆడనిదాకా రాదు.

సీటీ_కన్సోల్

వాట్సాప్ పనికొస్తుంది, పంపే పద్ధతి ముఖ్యం. ఫిల్మ్‌ని కిటికీకి పట్టి తీసిన ఫొటో దేనికీ కొరగాదు. కన్సోల్ మీద మొదటి స్లైస్ నుంచి చివరిదాకా మెల్లగా తిప్పుతూ వీడియో తీయండి, ఒకసారి విండో (తెలుపు నలుపు తేడా అమరిక) విడ్త్ 80 లెవెల్ 40తో, ఇంకోసారి 40/40తో. మామూలు విండోలో కనపడని తొలి మార్పు ఇరుకు విండోలో తేలుతుంది. సన్న స్లైసులు తప్పకుండా పంపండి, మధ్య మెదడు ధమనిలో గడ్డ తెల్లటి గీతలా బాగా కనపడేది వాటిలోనే. పేషెంట్ పేరు, ఐపీ నంబరు ఫ్రేమ్‌లో పడకుండా చూసుకోండి. ఫైళ్లు నేరుగా పంపే సర్వర్ ఉంటే అదే మేలు, దానికోసం మాత్రం ఆగొద్దు.

సీటీ గదిలో సీసం గోడల మధ్య సిగ్నల్ ఉండదు. కన్సోల్ దగ్గర వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్‌లున్న ఫోన్ ఒకటి పెట్టుకోండి. ధమనుల సీటీ కూడా చేయగలిగితే 18 గేజ్ కాన్యులా కుడి మోచేతి దగ్గర వేయమనండి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కోసం ఆగకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు, సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు తర్వాత.

మెడిసిన్_డ్యూటీ

అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. మాట కాస్త తడబడి, స్ట్రోక్ తీవ్రత స్కోరు (ఎన్ఐహెచ్ఎస్ఎస్) 2 మాత్రమే ఉన్నవాళ్లకి కూడా ఇవ్వాలా? రక్తస్రావం అయితే బాధ్యత ఎవరిది?

స్ట్రోక్_కన్సల్ట్

స్కోరు చూడకండి, పని చూడండి. కుడిచేత్తో అన్నం కలుపుకోలేని దర్జీకి స్కోరు 2 అయినా అది వైకల్యమే, ఇవ్వాలి. పనికి అడ్డం లేని తేలికపాటి తడబాటు అయితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ లోడింగ్ (తొలి పెద్ద) మోతాదుతో మొదలుపెట్టి 21 రోజులు ఇవ్వండి. స్కోరు 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పెద్ద ధమని మూసుకుందేమో అనుమానించి, ఇంజెక్షన్ పడగానే 108 ఎక్కించండి. "మందు పనిచేస్తుందేమో చూద్దాం" అని అరగంట కూర్చోవద్దు. వచ్చిన దగ్గర్నుంచి బయల్దేరేదాకా 90 నిమిషాలు మించకూడదు. సీటీ సీడీ, ఇంజెక్షన్ టైమ్, మోతాదు రాసిన కాగితం పేషెంట్ ఒంటిమీదే ఉండాలి.

బాధ్యత గురించి 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. సలహా ఇంకో డాక్టర్‌ది అయినా, చికిత్స చేసే డాక్టర్ మీరే, బాధ్యతా మీదే. అందుకే సలహా ఇచ్చిన డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, కాల్ టైమ్ కేస్‌షీట్‌లో ఎక్కించండి. ఆల్టెప్లేజ్ మీద జరిగిన ఎన్ఐఎన్‌డీఎస్ ట్రయల్‌లో పేషెంట్ పరిస్థితిని దిగజార్చిన మెదడు రక్తస్రావం 6.4 శాతం అని బంధువులకి ఇంజెక్షన్‌కి ముందే చెప్పి సంతకం తీసుకోండి. రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆ కాగితం కూడా ఇప్పుడే తెలుగులో రాసి అచ్చు వేయించి పెట్టుకోండి.