‘ఖండించారు’ అంటే డినైనా, కండెమా? మీడియా ఎథిక్స్ ఇంగ్లీషు మాటలు ఎలా చదవాలి?

కొత్తపీజీ:

తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఈ ఏడాది జర్నలిజం పీజీలో చేరాను. మీడియా లా అండ్ ఎథిక్స్ పేపరు ఇంగ్లీషులో రాయాలి. సెమిస్టర్‌కి ఇంకా రెండు నెలలుంది. నెట్‌లో దొరికిన పదాల జాబితా బట్టీపట్టాను. అర్థం అడిగితే చెప్పగలను, వాక్యంలో పెట్టమంటే చెయ్యి ఆడడం లేదు. డినై, రెఫ్యూట్, కండెమ్ మూడింటికీ నా నోట్సులో ‘ఖండించు’ అనే ఉంది. సెన్సార్‌కీ సెన్షర్‌కీ, లైబల్‌కీ స్లాండర్‌కీ తేడా చదివినప్పుడు తెలిసినట్టే ఉంటుంది, రాసేటప్పుడు కలిసిపోతాయి. ఏ పద్ధతిలో చదివితే పట్టుబడతాయి?

డెస్క్_రాత్రిషిఫ్ట్:

ముందు మీ జాబితాను తిరగేయండి. ఇంగ్లీషు మాట ఎడమ పక్క, తెలుగు అర్థం కుడి పక్క ఉన్నన్నాళ్లూ ఈ చిక్కు వదలదు. తెలుగు పేపర్లో రోజూ కనిపించే మాటను పైన రాసి, సందర్భాన్ని బట్టి దానికి వచ్చే ఇంగ్లీషు మాటలు కింద పెట్టుకోండి.

లంచం ఆరోపణను మంత్రి ఖండించారు: ఇది డినైడ్. దాడిని మంత్రి ఖండించారు: ఇది కండెమ్డ్. ఆరోపణ తప్పని కాగితాలతో సహా నిరూపిస్తే అప్పుడు రెఫ్యూటెడ్. నిరూపణ దాకా పోకుండా ఎదురు వాదన వినిపిస్తే రిబటెడ్. మంత్రి ఊరికే ‘అదేం లేదు’ అన్నచోట మీరు రెఫ్యూటెడ్ అని రాశారనుకోండి, ఆరోపణ అబద్ధమని పత్రికే సర్టిఫికెట్ ఇచ్చినట్టు. పరీక్షలో అది భాష తప్పు, డెస్క్‌లో ఎథిక్స్ తప్పు.

‘గోప్యత’ కూడా అంతే. మనిషి సొంత జీవితం విషయమైతే ప్రైవసీ, సోర్స్‌కి ఇచ్చిన మాట అయితే కాన్ఫిడెన్షియాలిటీ, ప్రభుత్వ ఫైళ్లయితే సీక్రసీ. ‘ప్రచారం’ ఎన్నికలదైతే క్యాంపెయిన్, సినిమాదైతే పబ్లిసిటీ, జనాన్ని ఒకవైపు తిప్పడానికి చేసేదైతే ప్రాపగాండా. ఇంటరెస్ట్ అనగానే ‘ఆసక్తి’ అని రాయకండి. పబ్లిక్ ఇంటరెస్ట్‌లోనూ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్‌లోనూ దాని అర్థం ప్రయోజనం. జనానికి ఆసక్తి ఉన్నదంతా పబ్లిక్ ఇంటరెస్ట్ కాదు. ప్రైవసీ మీద వచ్చే ప్రశ్నల్లో సగం ఈ ఒక్క తేడా మీదే నడుస్తాయి.

తర్వాత ‘అన్నారు’ కుటుంబం. మన పేపర్లలో ‘వెల్లడించారు’ అన్న మాట ‘చెప్పారు’కి మారుగా ఎక్కడ పడితే అక్కడ వాడేస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లీషులో రివీల్డ్ అని రాస్తే, దాచిన నిజం బయటపెట్టారని అర్థం వస్తుంది. అడ్మిటెడ్‌లో తప్పు ఒప్పుకున్నారన్న భావం ఉంది. పాయింటెడ్ అవుట్ అంటే ఆయన చెప్పింది నిజమేనని మీరూ ఒప్పుకున్నట్టు. క్లెయిమ్డ్‌లో మన ‘చెప్పుకొచ్చారు’లోని అనుమానం కొంత ఉంటుంది. ఏదీ తోచకపోతే సెడ్ రాయండి. వాక్యం చప్పగా ఉందని ఎవరూ కేసు వేయరు.

గ్రామర్_టీచర్:

పై సలహా మంచిదే కానీ సగమే. మాట ఒక్కటీ నేర్చుకుంటే చాలదు, పక్కన వచ్చే ప్రిపొజిషన్‌తో కలిపి రాసుకోవాలి. మన ‘మీద’ లాక్కుపోయి అక్యూజ్డ్ ఆన్ అని రాయిస్తుంది. అక్యూజ్డ్ ఆఫ్, చార్జ్‌డ్ విత్, కన్విక్టెడ్ ఆఫ్, అక్విటెడ్ ఆఫ్, స్యూడ్ ఫర్: ఈ అయిదూ నోటికి రావాలి. న్యూస్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్ లెక్కపెట్టే నామవాచకాలు కావు, ‘ఎ న్యూస్’ అనకూడదు. ‘హి ఈజ్ బయాస్’ కాదు, బయాస్డ్.

నేరవార్తల మాటలు కేసు నడిచే వరసలోనే చదవండి. అనుమానితుడు సస్పెక్ట్. నిందితుడు అక్యూజ్డ్. పోలీసులు కోర్టులో వేసేది చార్జ్‌షీట్, ఆపైన కోర్టు అభియోగాలు నమోదు చేస్తే అది ఫ్రేమింగ్ ఆఫ్ చార్జెస్. విచారణకు సరిపడా ఆధారాల్లేవని ఆ దశకు ముందే వదిలేస్తే డిస్చార్జ్. విచారణ జరిగి నిర్దోషి అని తేలితే అక్విటల్, దోషి అని తేలితే కన్విక్షన్. అరెస్టయిన మనిషిని కల్ప్రిట్ అని రాస్తే ఈ మెట్లన్నీ దాటేసి మీరే తీర్పు చెప్పినట్టు.

అలెజ్డ్‌లీ అనే మాటను తాయెత్తులా కడుతుంటారు. సందేహం ఉన్న క్రియ పక్కనే అది ఉండాలి. ‘హి వాజ్ అలెజ్డ్‌లీ అరెస్టెడ్’ తప్పు, ఎందుకంటే అరెస్టు జరిగిన విషయమే. అయినా ఆరోపించింది ఎవరో రాయకుండా ఆ మాట ఒక్కటి పెడితే పరువు నష్టం కేసు నుంచి రక్షణేమీ దొరకదు. ‘ఎఫ్ఐఆర్ ప్రకారం’ అనో, ‘బాధితుడి సోదరుడి ఆరోపణ ప్రకారం’ అనో ఆధారం చూపడం మేలు.

లా_నోట్స్:

అడిగిన జంటల సంగతి. ఇంగ్లండ్ చట్టంలో రాసింది, అచ్చయింది లైబల్. నోటితో అన్నది స్లాండర్. మన దగ్గర క్రిమినల్ చట్టంలో ఈ విభజన లేదు. మాటైనా రాతైనా డిఫమేషనే. ఐపీసీలో 499, 500 సెక్షన్లుగా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356కి మారింది. పాత గైడ్లు చూసి పాత నంబర్లు మాత్రమే రాయకండి.

సెన్సార్ చివర ఓఆర్, సెన్షర్ చివర యూఆర్ఈ. సెన్సార్ అంటే కోత, అచ్చుకు ముందే అడ్డుకోవడం. ఎమర్జెన్సీలో పత్రికల మీద జరిగింది అది. సెన్షర్ అంటే అచ్చయ్యాక తప్పుపట్టడం. ప్రెస్ కౌన్సిల్ (పత్రికల ప్రమాణాలు చూసే సంస్థ) చట్టం, 1978లోని 14వ సెక్షన్ కౌన్సిల్‌కి ఇచ్చిన అధికారాలివి: వార్న్ (హెచ్చరించడం), అడ్మానిష్ (మందలించడం), సెన్షర్, ఎడిటర్ లేదా జర్నలిస్టు ప్రవర్తన సరికాదని చెప్పే డిసప్రూవ్. జరిమానా వేసే అధికారం లేదు. ‘ప్రెస్ కౌన్సిల్ సెన్సార్ చేసింది’ అని రాస్తే ఒక్క మాటతో జవాబు మొత్తం తలకిందులవుతుంది. టీవీ చానళ్లు ఈ కౌన్సిల్ పరిధిలోకి రావు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇంకో జంట నేమ్, ఐడెంటిఫై. అత్యాచార బాధితురాలి పేరు రాయకపోయినంత మాత్రాన సరిపోదు. వీధి, స్కూలు, తండ్రి ఉద్యోగం కలిపి రాస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. సంహితలోని 72వ సెక్షన్ పేరుతోపాటు గుర్తింపు తెలిపే ఏ వివరాన్నైనా నిషేధిస్తుంది.

మండల_విలేకరి:

ఆఫ్ ది రికార్డ్ అంటే పేరు రాయకుండా వాడుకోవచ్చు అనే కదా? మా వైపు అందరం అదే అర్థంలో వాడతాం.

డెస్క్_రాత్రిషిఫ్ట్:

కాదండీ, గొడవలన్నీ అక్కడే వస్తాయి. అంతర్జాతీయ వార్తా సంస్థల వాడుకలో ఆఫ్ ది రికార్డ్ అంటే ప్రచురించకూడదు. ఆ సమాచారాన్ని ఇంకొకరి దగ్గర విడిగా రాబట్టుకోవాలి. పేరు లేకుండా, ‘రెవెన్యూ శాఖ అధికారి ఒకరు’ అన్నట్టు రాయగలిగేది ఆన్ బ్యాక్‌గ్రౌండ్. ఆ హోదా కూడా రాయకుండా విషయం మాత్రమే వాడుకునేది డీప్ బ్యాక్‌గ్రౌండ్. మీవైపు అర్థం వేరు కాబట్టే, మాట మొదలవ్వకముందే ‘వాడుకోవచ్చా, మీ హోదా రాయొచ్చా’ అని తెలుగులోనే అడిగేయండి. చెప్పడం అయిపోయాక ‘ఇది ఆఫ్ ది రికార్డ్’ అంటే రిపోర్టర్ కట్టుబడాలని లేదు. ఎంబార్గో దీనికి సంబంధం లేనిది. అది ఫలానా టైము దాకా ఆపమని పెట్టే షరతు.

కొత్తపీజీ:

అందరికీ థ్యాంక్స్ అండీ. రోజుకి ఎన్ని మాటలు పెట్టుకోమంటారు? సవరణల మాటలు కూడా కలిసిపోతున్నాయి.

గ్రామర్_టీచర్:

ఆరు దాటొద్దు. కార్డుకి ఒకవైపు తెలుగు పేపర్లోని వాక్యం యథాతథంగా, రెండోవైపు మీ ఇంగ్లీషు వాక్యం. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి తెలుగు వైపు చూసి ఇంగ్లీషు చెప్పాలి. ఇంగ్లీషు వైపు చూసి తెలుగు చెప్పడం తేలిక, దాంతో వచ్చింది అనుకుని మోసపోతారు. మొదటి నెల మాటలు, రెండో నెలలో వాటితోనే పదిహేను మార్కుల జవాబులు.

సవరణల సంగతి: వివరం తప్పయితే కరెక్షన్. వివరం సరిగ్గానే ఉండి పాఠకుడికి వేరే అర్థం తోస్తే క్లారిఫికేషన్. కథనమే నిలవకపోతే రిట్రాక్షన్. 1980లో వాషింగ్టన్ పోస్ట్‌లో జానెట్ కుక్ రాసిన బాలుడి కథనం కల్పితమని తేలి, 1981లో వచ్చిన పులిట్జర్ బహుమతిని వెనక్కి ఇచ్చారు. అది ఫ్యాబ్రికేషన్, ప్లేజరిజం కాదు. లేనిది పుట్టించడం వేరు, ఉన్నది దొంగిలించడం వేరు.

లా_నోట్స్:

చదవడానికి ఒకటి చెబుతాను. పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తలా వేసేది) మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో ఇచ్చిన నివేదిక. పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి రాశారు. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ సంగతులూ అందులో ఉన్నాయి. పూర్తి పాఠాన్ని కౌన్సిల్ బయటపెట్టకుండా పక్కనపెట్టేసింది, అది 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో బయటికొచ్చింది. సిలబస్‌లోని మాటలు చాలావరకు అందులో వాక్యాల్లోనే దొరుకుతాయి. రోజుకు రెండు పేజీలు చాలు.

అలాగే ఆత్మహత్యల వార్తలకు 2019లో కౌన్సిల్ తీసుకున్న మార్గదర్శకాలు చూడండి. అవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా వచ్చాయి. కమిటెడ్ సూసైడ్ బదులు డైడ్ బై సూసైడ్ అని ఇప్పుడు రాస్తున్నారు, కమిట్‌లో నేరం వాసన ఉందని. మన ‘పాల్పడ్డారు’లోనూ అదే ఉంది. కార్డు మీద రెండువైపులా మార్చుకోండి.