అనంతపురం దగ్గర కరెంటు లైను, కుళాయి నీళ్లు లేకుండా సొంత తిండి పండించుకుంటూ బతకగలమా?

ప్రశ్న (బెంగళూరు నుంచి):

నమస్కారం. మేమిద్దరం ఉద్యోగాలు మానుకుని, మా అమ్మానాన్నలతో, పదేళ్ల అబ్బాయితో కలిసి అనంతపురానికి ఇరవై కిలోమీటర్ల లోపు మూడెకరాల మెట్టభూమి కొనుక్కుని, సోలార్ కరెంటుతో, మా నీళ్లతో, చాలావరకు మేము పండించుకున్న తిండితోనే ఉండాలని నిశ్చయించుకున్నాము. ఎండకు కొదవ లేదు, 44వ నంబరు జాతీయ రహదారి దగ్గరే ఉంది, పెద్దవాళ్లకు అవసరమైతే పట్టణంలో ఆసుపత్రులున్నాయి. నవంబరులో ఒక భూమి చూశాము. అందులోని బోరులో రెండించుల నీళ్లు పడుతున్నాయి. ఇది చాలునా? ఇంకా ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాప్తాడు రైతు):

నవంబరులో చూసిన బోరును లెక్కలోకి తీసుకోకండి, వానలు పడ్డాక చాలా బోర్లు పోస్తాయి. ఈ ప్రాంతానికి నైరుతి వానను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య వాన తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి పలచబడుతుంది, అందువల్ల ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే పడుతుంది, అదీ ఒక్కోసారి నాలుగైదు పెద్ద వానల్లోనే అయిపోతుంది. కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి కాబట్టి పక్క చేనులో పడిన నీళ్లు మీ చేనులో పడతాయన్న నమ్మకం లేదు. మా పొలంలో మూడో బోరు 600 అడుగులు వేయించినప్పుడు తెల్లవారుజాము దాకా బూడిదరంగు దుమ్మే లేచింది, చివరికి బోరు బండి వాళ్లు గొట్టాలు పైకి లాగుతుంటే మా నాన్న గట్టు మీద తలపట్టుకుని కూర్చున్నారు. మే నెలలో వెళ్లి, ఆ బోరు మోటారును ఆరు గంటలు ఆపకుండా ఆడించి చూడండి. చుట్టుపక్కల నలుగురు రైతులను కలిసి, వారి పొలాల్లో ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి అని విడివిడిగా అడగండి.

కాగితాల విషయంలో ఒక్కమాట: ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల పత్రం), 1బీ (హక్కుదారు ఎవరో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూడటంతో సరిపెట్టుకోకుండా ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో, ఒకప్పటి అసైన్డ్ భూమేమో (ప్రభుత్వం పేదలకిచ్చినది) కూడా చూసుకోండి.

జవాబు (సోలార్ పనివాడు):

ఎండ ఉన్నంత మాత్రాన లెక్క కుదరదు. ఒక కిలోవాటు ప్యానెళ్లకు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయనుకోండి. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు, మేలో దాని ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. మోటారును మాత్రం బ్యాటరీల మీద నడపకండి. పగలు నేరుగా ప్యానెళ్ల మీద నడిపి, నీళ్లను ఎత్తున ఉన్న తొట్టిలోకి ఎక్కించుకుంటే రాత్రికి ఆ తొట్టే మీ బ్యాటరీ అవుతుంది.

జవాబు (ధర్మవరం వైపు ఎనిమిదేళ్లుగా ఉంటున్న గృహిణి):

పై ఇద్దరూ చెప్పినదానికి నేను తాగేనీటి సంగతి చేరుస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎదిగే పిల్లవాడున్నాడు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, మరిగించినా అది పోదు, కొనేముందే పరీక్ష చేయించండి. మేము మిద్దె మీద పడిన వాననే తాగుతున్నాము. వంద చదరపు మీటర్ల మిద్దె మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా, 44,000 లీటర్లు దక్కుతాయి. ఐదుగురికి తాగడానికీ వంటకూ రోజుకు 40 లీటర్లు చాలు, అంటే డిసెంబరు నుంచి మే దాకా వాన అంతగా లేని ఆరు నెలలకు 7,200 లీటర్లే. కరువు ఏడాదిని దృష్టిలో పెట్టుకుని మేము 15,000 లీటర్ల తొట్టి కట్టించాము. తొలివాన నీళ్లను బయటికి వదిలేసి, ఆ తర్వాతే గొట్టాన్ని తొట్టిలోకి తిప్పుతాము, తొట్టిమూత మీద ఒక్క సందు కూడా ఉండకూడదు, వెలుతురు పడితే పాచి పడుతుంది. స్నానాలూ బట్టలూ కూడా కలిపితే మనిషికి 55 లీటర్ల లెక్కన ఏడాదికి లక్ష లీటర్లు కావాలి, అక్కడ మాత్రం బోరో సేద్యపు కుంటో తప్పదు.

తిండి విషయానికి వస్తే వరి ఆశ వదులుకోండి. కొర్ర, సజ్జ, కంది, అలసంద మాకు వాన మీదే వస్తున్నాయి. చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాలని అందరూ చెబుతారు గానీ అవి ఎండాకాలమంతా నీళ్లడుగుతాయి, మేము పెట్టిన నలభైలో మిగిలినవి పదకొండు. సీతాఫలం ఎవరూ చూడకపోయినా కాస్తుంది. మా వేరుశనగ చేనును రెండుసార్లు అడవిపందులు ఒక్క రాత్రిలో తవ్విపోశాయి, పక్క చేనువాళ్లు కావలికి తోడు రాకపోతే మూడో ఏడు మేము వెనక్కి వెళ్లిపోయేవాళ్లం. అందుకే ఊరికి మరీ దూరంగా ఉన్న భూమి కొనకండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే బయానా ఇవ్వడం లేదు. మే రెండోవారంలో నాన్నతో కలిసి వెళ్లి మోటారు ఆడిస్తాము, రెండు సీసాల నీళ్లు పరీక్షకు తెస్తాము. మిద్దె ఎంత పెద్దది కట్టాలన్నది ఆ నీళ్ల ఫలితం వచ్చాకే తేల్చుకుంటాము.