మా గోడౌన్‌లో యూనియన్ పెట్టాలంటే ఇన్ని రకాల మనుషుల్ని ఎలా కలపాలి?

సుజాత_ఫ్రెస్నో:
కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర పళ్ల ప్యాకింగ్ షెడ్‌లో పనిచేస్తున్నాను. మా షిఫ్ట్‌లో మెక్సికన్లు ఎక్కువ, తర్వాత పంజాబీలు, ఫిలిప్పీనోలు, కొద్దిమంది తెల్లవాళ్లు. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. లైన్ ఒకటే, పని ఒకటే, గంటకిచ్చేది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో రేటు. బ్రేక్ రూమ్‌లో ఏ భాషవాళ్ల టేబుల్ వాళ్లదే. ట్రంప్‌కి వేసినవాళ్లకీ వేయనివాళ్లకీ మాటల్లేవు. యూనియన్ కావాలని చెప్పే కార్డు మీద సంతకం పెట్టమంటే "ముందు వాళ్లని పెట్టమను" అంటారు. సూపర్‌వైజరేమో, మీరు కాకపోతే పక్కవాళ్లు రెడీగా ఉన్నారంటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రవి_కె:
30 శాతం మంది సంతకాలుంటే, యూనియన్ కావాలా వద్దా అని ఎన్నిక పెట్టమని జాతీయ కార్మిక బోర్డును అడగొచ్చు. అది రహస్య ఓటు. జీతాల గురించి తోటివాళ్లతో మాట్లాడుకోవడం మీ హక్కు, 1935 జాతీయ కార్మిక చట్టంలోనే ఉంది. కానీ ఆ చట్టం పొలం కూలీలనీ ఇళ్లలో పనిచేసేవాళ్లనీ బయటే వదిలేసింది. పొలం కూలీలకు కాలిఫోర్నియా 1975లో వేరే చట్టం చేసింది. మీ షెడ్ ఏ చట్టం కిందకొస్తుందో ముందు కనుక్కోండి.

బేకర్స్‌ఫీల్డ్_పద్మ:
సుజాత గారూ, డెలానో అనే ఊరు మాకు దగ్గరే. అరవైల్లో అక్కడి ద్రాక్షతోటల్లో పరిస్థితి అచ్చం మీరు చెప్పినట్టే ఉండేది. ఫిలిప్పీనోల క్యాంపులు వేరు, మెక్సికన్లవి వేరు. ఒకళ్లు సమ్మె చేస్తే రెండోవాళ్లను పనిలోకి దించేవారు యజమానులు.

1965 సెప్టెంబర్ 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పీనోలు పని ఆపేశారు. అడిగింది గంటకు 1.40 డాలర్లు, పెట్టెకు 25 సెంట్లు. వాళ్లలో చాలామంది పెద్ద వయసువాళ్లు, పెళ్లికానివాళ్లు. 1948 దాకా తెల్లవాళ్లను పెళ్లాడటానికి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు మరి. ఉన్న గూడల్లా ఆ క్యాంపే. దానికి కూడా యజమానులు కరెంటు, గ్యాస్, నీళ్లు ఆపేయించారు.

ఇట్లియాంగ్ వెళ్లి, మెక్సికన్ కూలీల సంఘం నాయకుడు సీజర్ చావెజ్‌ని సమ్మెలో కలవమని అడిగాడు. చావెజ్ సంఘం అప్పటికి సమ్మెకు సిద్ధంగా లేదు. అయినా సెప్టెంబర్ 16న చర్చి హాల్లో చేరి, మేమూ కలుస్తామని మెక్సికన్ కూలీలు తీర్మానించారు. వాళ్ల స్థానంలో పనికి పోవాల్సినవాళ్లే వాళ్ల పక్కన నిలబడ్డారండీ! అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఫిలిప్పీనో హాల్లో అందరికీ ఒకే వంట. 1966లో రెండు సంఘాలూ ఒకటయ్యాయి, 1970లో యజమానులు దిగొచ్చి ఒప్పందాలు చేసుకున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఫిలిప్పీనోల మాటకు విలువ లేకుండా పోతోందని 1971లో ఇట్లియాంగ్ సంఘం వదిలేశాడు. అందుకే మీ కమిటీలో ప్రతి టేబుల్ నుంచీ ఒకరుండాలి, మీటింగులో మాట్లాడింది అందరి భాషల్లోనూ చెప్పించాలి. ఓటెవరికి వేశావని ఎవర్నీ అడగొద్దు, గంటకెంత ఇస్తున్నారని అడగండి. ట్రంప్‌కి వేసినాయనకి కూడా నడుం నొప్పి మీలాగే ఉంటుంది.

సుజాత_ఫ్రెస్నో:
థాంక్స్ పద్మ గారూ. మా షెడ్ పొలంలో కాదు, ఊళ్లోనే ఉంది రవి గారూ, అయినా కనుక్కుంటాను. ఇవాళ లంచ్‌లో ఫిలిప్పీనో ఆవిడ పక్కన కూర్చుని నా పే స్లిప్ చూపించాను. ఆవిడ తనదీ తీసింది. నాకంటే ఎంతో ముందు చేరిన మనిషి, రేటు నాకంటే తక్కువ. స్పానిష్, పంజాబీ బాగా వచ్చినవాళ్లను చెరొకర్ని ఆవిడే చూస్తానంది.