పాపతో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి? దయచేసి చెప్పండి

మాది మిర్యాలగూడ. ఆయన రైస్ మిల్లులో గుమాస్తా, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. పాప 8వ తరగతి. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుందని నా ఫోనే ఇస్తాను. మొన్న రాత్రి జాకెట్‌కు హుక్స్ కుడుతుంటే పక్కనున్న ఫోన్ వెలిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు, "ఇంకో ఫొటో పెట్టు, మీ అమ్మకు చెప్పకు" అని. చేతిలో సూది అలాగే ఆగిపోయింది.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. పాపను ఇంకా ఏమీ అడగలేదు. ఆయనకు చెబితే ఫోన్ పగలగొడతారు, పిల్ల భయంతో మిగతాది దాచేస్తుంది. తప్పు వాడిది, నా బిడ్డది కాదు. ఆ సంగతి దానికి ముందు ఎలా తెలియజెప్పాలి? మీలో ఎవరైనా ఇలా మాట్లాడి ఉంటే, మొదట ఏమన్నారో చెప్పండి.

వాణ్ణి ఇప్పుడే బ్లాక్ చేయనా, ఫిర్యాదు అయ్యేదాకా ఆగనా? పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చని తెలుసు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం వాళ్ల పేరు బయటపెట్టనివ్వదనీ తెలుసు. అయినా చిన్న ఊరు, స్టేషన్ మెట్లెక్కితే నలుగురూ చూస్తారని టెన్షన్.

పిల్లల ఫోన్‌ను పెద్దలు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టమంటున్నారు. అది పిల్లలకు వేరే ఫోన్ ఉంటే కదా! మా ఇద్దరికీ ఉన్నది ఒక్కటే. ఇలాంటి ఇంట్లో ఏం సెట్టింగ్స్ పెట్టుకోవాలి?